చర్మం కన్నా ముందు కళ్లు
రోబో తల తయారీ మీద వచ్చిన ఒక వ్యాసంలో, సిలికోన్ (రబ్బరు లాంటి మెత్తటి పదార్థం) చర్మం తొడిగితేనే దానికి జీవం వస్తుందని రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. చూసేవాళ్ల చూపు మొదట పోయేది కళ్ల మీదికే. కనుగుడ్లు అటూ ఇటూ, పైకీ కిందికీ తిరిగి, రెప్పలు సరిగ్గా వాలితే ప్లాస్టిక్ ముఖమైనా మనల్నే చూస్తున్నట్టుంటుంది. చర్మాన్ని లాగాలంటే బలమైన మోటార్లు కావాలి, ఖర్చు పెరిగేది అక్కడే. కళ్లకు 9 గ్రాముల ఎస్‌జీ90 సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) చాలు. దవడకు మాత్రం లోహపు గేర్లున్న ఎంజీ90ఎస్ మేలు. మా అబ్బాయితో కలిసి చేసిన తలకు ఇప్పటికీ చర్మం లేదు, అయినా పక్కింటి పిల్లలు దాని ముందు నిలబడి కబుర్లు చెబుతారు. ఆ వ్యాసంలో రాని విషయం ఇంకొకటి: సర్వోలకు కరెంటు, వాటిని నడిపించే ఆర్డువినో అనే చిన్న కంట్రోల్ బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచి ఇవ్వకండి, అన్నీ ఒకేసారి కదిలితే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. సర్వోలకు సప్లై విడిగా పెట్టి, గ్రౌండ్ (నెగెటివ్ తీగ) మాత్రం ఆ సప్లైకీ బోర్డుకీ కలపండి.