మండితేనే మందు

చర్మవైద్యులకు ఒక విన్నపం. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఆపైన ఎండీ మూడేళ్ళు చదివి, బోర్డు పెట్టుకుని కూర్చుని మీరు చేసే పనిని మావాళ్ళు పెళ్లిభోజనాల దగ్గర పప్పు వడ్డించి నెయ్యి వచ్చేలోపు చేసి పారేస్తున్నారు. "ఏమే, ముఖం నిండా ఆ మొటిమలేంటి, మోషన్ సరిగ్గా అవుతోందా?" అని పక్క వరుసకు కూడా వినపడేలా అడగడంతో రోగనిర్ధారణ పూర్తి. వేపుళ్ళు మానెయ్, శనగపిండిలో పెరుగు కలిపి పట్టించు, అనడంతో చికిత్సా పూర్తి. ఫీజు లేదు, టోకెన్ లేదు, అసలు మనం అడగాల్సిన పని కూడా లేదు. మీరేమో హార్మోన్లు అంటారు, నూనె గ్రంథులు అంటారు, రంధ్రంలో జిడ్డూ మృతకణాలూ కలిసి అడ్డం పడ్డాయంటారు, తగ్గడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందంటారు. వచ్చే శుక్రవారం నిశ్చితార్థం పెట్టుకున్న పిల్లకు ఎనిమిది వారాల కథ చెబితే ఎవరు వింటారండీ?

మా విద్యకు శాస్త్రం లేదనుకోకండి. సూత్రాలు రెండే గానీ గట్టివి. మొదటిది, తెల్లటిది తెల్లగా చేస్తుంది, నల్లటిది నల్లగా చేస్తుంది. అందుకే పాలు, మీగడ, బియ్యప్పిండి ముఖానికి రాస్తాం, "టీ తాగితే నల్లబడిపోతావ్" అని పిల్లలను బెదిరిస్తాం. ఈమధ్య కొరియా వాళ్ళు కూడా దారికొచ్చి, బియ్యం కడిగిన నీళ్ళను బుల్లి గాజుసీసాల్లో పోసి వందలకు వందలు పెట్టి అమ్ముతున్నారు. మన ఇళ్ళలో ఆ నీళ్ళు తరతరాలుగా కుడితి తొట్లోకే వెళ్ళాయి, గేదెలు కడుపునిండా తాగాయి. రంగు విషయంలో వాటికి ఇంకా ఫలితం కనిపించలేదు. టోనర్ వాడకుండా నేరుగా సీరమ్‌కి వెళ్ళిపోవడం వల్ల కావచ్చు.

ఈ సూత్రాన్ని మేం ప్రాణం పెట్టి పాటించేది కోడలు నీళ్ళోసుకున్నప్పుడు. గ్రాము వందల రూపాయలు పోసి కొన్న కుంకుమపువ్వు రోజూ రాత్రి పాలలో పడుతుంది. ఏఎన్ఎం ఊరికే ఇచ్చి వెళ్ళిన ఐరన్ మాత్రలు మాత్రం ఫ్రిజ్ మీద పాత కరెంటు బిల్లుల కింద ఉంటాయి, ఎందుకంటే అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుంది. రుజువు కావాలా? మాత్ర వేసుకున్నాక దొడ్డికి నల్లగా వెళ్తుంది కదా, ఇంకేం కావాలి! ఒంటికి పట్టని ఇనుము అలా బయటికి పోతుందని, దానికీ బిడ్డ రంగుకూ సంబంధం లేదని, రంగు అమ్మానాన్నల జన్యువుల్లోంచి వస్తుందని, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారుచేసే కణాలు తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా దాదాపు అన్నే ఉంటాయని, అవి ఎంత మెలనిన్, ఏ రకం మెలనిన్ తయారుచేస్తాయన్నదే తేడా అని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతుంది. గీసుకోనివ్వండి. తల్లికి రక్తం చాలక కాన్పు గదిలో హడావిడి అయితే అయింది, పుట్టేవాడు ఎర్రగా బుర్రగా ఉండాలి. (నాన్న రంగు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. ఆయనకు ప్యాకేజీ ఉంది.)

ఈ తెలుపు పిచ్చి కంపెనీలు మనకు అంటించాయని కొందరు అంటుంటారు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. మన పెళ్లి ప్రకటనల్లో 'అమ్మాయి తెలుపు, 5.4' అన్నది మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరు ఎవరికి అంటించారో మీరే చూసుకోండి.

రెండో సూత్రం, మండితేనే మందు. సగం చెక్క నిమ్మకాయ తీసుకుని బుగ్గ మీద రుద్దితే చురుక్కుమంటుంది, అంటే పనిచేస్తోందన్నమాట. చర్మం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5 దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది 2 దగ్గర, వంటసోడాది 8 దాటి ఉంటుంది. కాబట్టి యూట్యూబ్ అక్కయ్య చెప్పినట్టు ఒకరోజు నిమ్మరసం, మర్నాడు సోడా రాసుకుంటే ముఖానికి రెండు వైపుల నుంచీ న్యాయం జరుగుతుంది. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి పోని గోధుమరంగు మచ్చలు వస్తాయి గానీ, నాచురల్ కదా, నాచురల్ అయితే ఏమీ కాదు. దురదగొండి కూడా నాచురలే, జిల్లేడు పాలు కూడా నాచురలే, వాటి ఫేస్‌ప్యాక్ ఇంకా ఎవరూ ఎందుకు కనిపెట్టలేదో నాకు అర్థం కాదు. ఇక మొటిమ మీద టూత్‌పేస్టు. రాత్రి చల్లగా మండుతుంది, తెల్లారేసరికి చుట్టూ తోలు లేచి ఎర్రగా ఉంటుంది. "చూశావా, లోపలున్న వేడంతా బయటికొచ్చేసింది" అంటారు ఇంట్లో. ఆ మాటకు ఏ ఎండీ దగ్గరా సమాధానం ఉండదు.

ఈ సూత్రానికి ఒకే ఒక మినహాయింపు మెడికల్ షాపు ట్యూబు. అది మొదట్లో మండదు. కౌంటరు మీద మోచేయి ఆనించి "అన్నా, ముఖానికి మంచి క్రీము ఒకటియ్యవా" అంటే చాలు, అన్న వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి తీసిస్తాడు. లోపల బీటామెథాసోనో మొమెటాసోనో ఉంటుంది, కొన్నిట్లో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కూడా. స్టెరాయిడ్ అన్న మాట అన్న చెప్పడు, చెల్లెలు అడగదు. చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది, ఆ హెచ్చరిక ట్యూబు మీదా ఉంటుంది, భూతద్దం ఉన్నవాళ్ళకు కనిపిస్తుంది. కొద్ది రోజుల్లోనే బుగ్గలు నిగనిగలాడతాయి. "ఏం రాస్తున్నావే?" అని అపార్ట్‌మెంటంతా అడుగుతుంది, ట్యూబు ఫోటో వాట్సాప్ గ్రూపెక్కుతుంది, ఆర్నెల్ల తర్వాత గ్రూపు మొత్తానికీ ఒకే ముఖం వస్తుంది: పలచబడిన చర్మం, పైకి తేలిన సన్నటి ఎర్రటి రక్తనాళాలు, గుంపుగా మొటిమలు, చెంపల మీద నూగు. భయపడి ఆపితే ముఖం భగ్గుమంటుంది, మళ్ళీ రాస్తే చల్లారుతుంది. క్రీము గొప్పతనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? ఇంకొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది, 2023లో కేరళలోని మలప్పురంలో అలాంటివి రాసుకున్నవాళ్ళకు కిడ్నీలు దెబ్బతిన్న సంగతి బయటపడింది. రాసింది ముఖానికైతే కిడ్నీకి ఏమవుతుందండీ, అని అన్న నవ్వుతాడు.

సన్‌స్క్రీన్ విషయంలో మాత్రం మావాళ్ళు మహా పొదుపరులు. ఎస్‌పీఎఫ్ 30 అంటే ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతం ఆపుతుందని, 50 అంటే 98 శాతమని చెప్పేది ప్రయోగశాలలో మందంగా పూసి చూసిన లెక్క. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ నిండా కావాలట. ఆరువందల ట్యూబును అలా పిండితే ఇల్లు గడిచినట్టే! అందుకే పెసరగింజంత తీసి, నలుగురం పంచుకుని, ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా లాగిస్తాం. మంగుమచ్చలు పోవట్లేదేమని అడిగితే డాక్టరు కిటికీ వైపు చూపిస్తాడు, ఎండలోని యూవీఏ కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయని. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఎండేమిటి, చోద్యం కాకపోతే.

మగవాళ్ళకు ఇవేవీ అక్కర్లేదు. వాళ్ళకు చర్మం ఉండదు, సబ్బు ఉంటుంది. తల నుంచి పాదాల దాకా అదే సబ్బు. బైకు మీద తిరిగి తిరిగి మోచేతికి పైన ఒక రంగు, కింద ఒక రంగు, వాచీ తీస్తే మూడో రంగు ఉన్నవాడు కూడా "మనకెందుకురా అవన్నీ" అనే అంటాడు. అని, రాత్రి అందరూ పడుకున్నాక భార్య క్రీము తీసి రాసుకుంటాడు. పట్టుబడతాడని లైటు వెయ్యడు కాబట్టి అది ముఖానికి రాసేదో, మడమల పగుళ్ళకు రాసేదో మర్నాడు ఆఫీసులో తెలుస్తుంది.