జాకెట్టు అడ్వాన్సు

మన రైళ్ళలో మూడో తరగతిని 1974లోనే ఎత్తేశారు. చెన్నైలో బీచ్ నుంచి తాంబరం వెళ్ళే మామూలు (ఏసీ లేని) లోకల్ బండిలో ఇప్పుడు మిగిలినవి రెండే: మెత్తటి సీటూ, మన సీటూ. ఏది ఎవరిదో తెలియక కాదు గానీ, పిలిచే మనిషిని బట్టి కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. మా మేనల్లుడివి అలాగే నడిచాయి.

మా బావ లేడీస్ టైలరు. నగరి నుంచి వచ్చి, మాంబళం స్టేషను బయట రంగనాథన్ వీధిని ఆనుకున్న సందులో మిషను వేసుకున్నాడు. త్యాగరాయ నగర్ అన్న పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, మధ్యలో పార్కు పానగల్ రాజావారి పేరు మీద ఉంది, ఇద్దరూ మనవాళ్ళే, కాబట్టి టీ నగర్ సగం మనదేనని మా బావ వాదన. సగం మనదైనా షాపు అద్దె మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నాడు.

వాణ్ణి పిలిచిన పిల్లది జి.ఎన్. చెట్టి రోడ్డు వెనక బంగళా. ఇంట్లో రెండు కార్లున్నా, తాంబరం వెళ్ళే జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద కారు నడుస్తోందో నిలబడిందో తెలియదు కాబట్టి, తాంబరం కాలేజీకి ఫస్ట్ క్లాసు సీజన్ టికెట్టు తీసుకున్నారు. మా వాడిదీ అదే కాలేజీ. వాడిది సెకండ్ క్లాసు, అదీ స్టూడెంటు రాయితీ. మీ నాన్నగారు ఏం చేస్తారని ఆ పిల్ల అడిగితే "టెక్స్‌టైల్స్" అన్నాడట. అబద్ధమని ఎలా అంటాం? పొద్దున లేస్తే మా బావ చుట్టూ బట్టలే కదా.

ఆ సాయంత్రం తాంబరంలో బండెక్కబోతుంటే ఫస్ట్ క్లాసు కిటికీలోంచి ఆ పిల్ల చెయ్యూపింది. "ఇక్కడంతా ఖాళీ, రా!" అంది. వీడి భుజాన ఒక సంచీ ఉంది. మా బావ కుట్టిన జాకెట్లకి కాజాలూ, హుక్కులూ, హెమ్మింగూ చేసిపెట్టే అక్క ఒకావిడ తాంబరంలో ఉంటుంది. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు అవి తేవడం వీడి డ్యూటీ. సంచీతో సహా ఎక్కేశాడు. అందులో ఏముందని అడిగితే "శాంపిల్స్" అన్నాడు. టెక్స్‌టైల్స్ వాళ్ళ సంచీలో శాంపిల్సే ఉంటాయి మరి.

పల్లావరం దాకా బాగానే గడిచింది. అక్కడ ఎక్కాడు టీటీఈ. "తంబి, టికెట్!"

జేబులో లేదు. సంచీలో వెతికాడు. కంగారులో సంచీ బోర్లా పడింది. ఊదా రంగు, మామిడిపండు రంగు, అంచులకి జరీ, వరసగా జాకెట్లు సీటు మీదా, కిందా. టీటీఈ కాలి దగ్గర పడ్డదాన్ని ఆ పిల్ల వంగి తీసింది.

"ఇది మా అమ్మ చీరలోదే! మొన్న వరలక్ష్మీ వ్రతానికి తీసుకున్నాం."

వీడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పిల్లకి అదేం పట్టలేదు, జాకెట్టుకి పిన్నీసుతో గుచ్చిన చీటీ మీద పడింది దృష్టి. చెన్నైలో పుట్టి పెరిగింది కదా, తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరం రాదు. "ఏం రాశారు?" అంది.

"ఏం లేదు. కొలతలు."

"ఇంత పొడుగ్గా ఉంటాయా కొలతలు?"

అంతవరకూ అరవంలో దబాయిస్తున్న టీటీఈ కళ్ళజోడు సర్దుకున్నాడు. గూడూరు మనిషట. తెలుగు అక్షరం కనబడేసరికి ప్రాణం లేచొచ్చినట్టుంది, చీటీ అందుకుని బడిపిల్లాడిలా పైకి చదివేశాడు: "నడుము ఒకటిన్నర అంగుళం పెంచినాము. చేతులు ఒక అంగుళం. మేడమ్ అడిగితే ఆది ప్రకారమే అని చెప్పవలెను."

ఇక్కడ మా బావ పక్షాన ఒక మాట చెప్పాలి. ఇది మోసం కాదు, మర్యాద. ఆ మేడమ్ ఇచ్చే ఆది జాకెట్టు పెళ్ళయిన కొత్తలోది, ఒళ్ళు ఇప్పటిది. ఆదికి కుడితే హుక్కు పడదు, ఒళ్ళొచ్చిందని చెబితే కస్టమరు నిలవదు. అందుకే నోరెత్తకుండా వదులు చేస్తాడు. డెలివరీకి వెళ్ళేవాడు నోరు జారకుండా చీటీ గుచ్చుతాడు.

ఆ పిల్ల నవ్వు గిండీ దాటినా ఆగలేదట. టీటీఈ కూడా నవ్వాడు గానీ, నవ్వినందుకు తగ్గింపు రైల్వేలో లేదు. చార్జీ, దానిమీద కనీస జరిమానా 250 రూపాయలు. వీడి జేబులో టీ డబ్బులున్నాయి. ఆ పిల్లే పర్సు తీసి కట్టేసింది. "అమ్మకి లెక్క చెప్పాలిగా, జాకెట్లకి అడ్వాన్సు ఇచ్చానంటాలే" అంది. వీడి టెక్స్‌టైల్స్ గురించి ఒక్క ముక్క అడగలేదు. అది మరీ భయం వేసిందంటాడు వీడు.

రెండు రోజులకి మేడమ్ కుట్టు కూలీలో అడ్వాన్సు పట్టుకుని మిగతాది పంపింది. ఏ అడ్వాన్సు? మా బావ చీటీల పుస్తకం తిరగేశాడు, గల్లాపెట్టె తిరగేశాడు, చివరికి కొడుకుని తిరగేశాడు. మొత్తం కక్కేశాడు వాడు. నేనక్కడే ఉన్నాను, బంగళా పిల్లతో నీకేంట్రా అంటాడనుకున్నాను. మా బావ తల పట్టుకుని, "ప్రేమో గీమో ఏమన్నా ఏడవండిరా, చీటీ ఎందుకు చూపిస్తివిరా నాయనా!" అన్నాడు. శిక్ష కూడా అప్పుడే పడింది: ఆ బాకీ తీరేదాకా కాజాలు తాంబరం వెళ్ళవు, వీడే కుట్టాలి.

కుడుతున్నాడు. వేళ్ళకి సూది పోట్లు, కాజాలు మాత్రం వంకర.

మొన్న ఆ పిల్లే షాపుకొచ్చింది, చేతిలో లంగా ఓణీ బట్ట. మా బావ లేచి నిలబడ్డాడు. వీడు కుడుతున్న జాకెట్టుని వెనక్కి దాచాడు.

"అంకుల్, నా దానికి చీటీ గుచ్చకండి," అంది. "గుచ్చినా తెలుగులో రాస్తే దాగదు. మీ అబ్బాయి దగ్గర తెలుగు నేర్చుకుంటున్నా, గుణింతాలు అయిపోవచ్చాయి."