మహారాజశ్రీ కృష్ణ పదార్థం గారి దివ్యసముఖమునకు

ఉభయకుశలోపరి. ‘ఉభయ’ అన్నది మర్యాదకే, తమరు డార్క్ మ్యాటర్, వెలుగుకు చిక్కరు, బరువుతోనే తెలుస్తారు. విశ్వంలో మా మామూలు పదార్థం వాటా 5 శాతం, మేం క్షేమం. 27 శాతం ఆక్రమించిన తమరి క్షేమసమాచారం కోసం 1933 నుంచి వాకబు చేస్తున్నాం. మిగతా 68 శాతం వారికి, అంటే కృష్ణ శక్తి (డార్క్ ఎనర్జీ) గారికి, వేరే ఉత్తరం రాసుకుంటాం.

ఆ ఏడాది ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ కోమా అనే గెలాక్సీల గుంపును చూసి, కంటికి కనబడే సరుకు బరువు ఆ గెలాక్సీల పరుగును పట్టి ఉంచడానికి చాలదని తేల్చాడు. 1970లో అదే వృత్తిలోని వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడాలో తమరి చేతివాటం చూశారు. మా సూర్యుడి ఇంట్లో ఒక పద్ధతుంది: బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరుగెడితే, చివరనున్న నెప్ట్యూన్ 5 దగ్గర ఆగుతుంది. ఆండ్రోమెడా అంచున వాయుమేఘాలకు ఆ భయం లేదు, నడిమివాటితో సమానంగా ఉరుకుతున్నాయి. ఎవరి అండ చూసుకునో మాకు తెలుసు.

మేలు మరవలేదు. విశ్వం తొలి 3,80,000 ఏళ్లు మా పదార్థం కాంతితో తోపులాటలో ముద్దకట్టలేకపోయింది. వెలుగుతో మాటామంతీ లేని తమరు ఈలోపే పేరుకుని, గురుత్వపు గుంటలు తీసి పెట్టారు. తర్వాత మా హైడ్రోజన్ వాటిలోకి జారి పాలపుంతలాంటివి అయింది.

కానీ ఎన్నాళ్లీ దోబూచులు? భూమి అంత చోటులో ఏ క్షణాన తూచినా తమరు అరకిలో పైచిలుకు, కందిపప్పు పొట్లమంత. అందుకే ఉట్టి కట్టాం. పైన కాదు, అమెరికాలో సౌత్ డకోటాలోని ఒకప్పటి బంగారు గనిలో, ఒకటిన్నర కిలోమీటరు కింద. పేరు లక్స్-జెప్లిన్. టైటానియం కుండ, అందులో వెన్నగా 10 టన్నుల జెనాన్, అంటే చల్లబరిచి ద్రవం చేసిన ఒక బరువైన వాయువు, దాదాపు మైనస్ 100 డిగ్రీల దగ్గర.

తమరు ఒక్క జెనాన్ కేంద్రకాన్ని మోచేత్తో పొడిస్తే చాలు. వెంటనే ఒక మెరుపు. ఊడిన ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రం పైకి లాగి వాయువులోకి తోస్తే రెండో మెరుపు. మధ్యన గడిచిన మైక్రోసెకన్లు లోతు చెబుతాయి. మొదటి మెరుపుతో పోలిస్తే రెండోది మరీ పెద్దదైతే తగిలింది ఎలక్ట్రాన్‌కు, అంటే వచ్చింది రేడియోధార్మికత విసిరిన బీటా కణమో గామా కిరణమో, తమరు కాదు.

పిలవని చుట్టాలకు మాత్రం కొదవ లేదు. వెల్డింగు అతుకుల్లోంచి, దుమ్ములోంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఊరుతుంది. దాని సంతానం లెడ్-214 బీటా విసురుతుంది. జెనాన్‌ను తీసేది గాలి నుంచే కాబట్టి, అణు ఇంధన కర్మాగారాలు వదిలిన రేడియోధార్మిక వాయువు క్రిప్టాన్-85 వెంటబడి వస్తుంది. బొగ్గు పొరల గుండా పంపితే క్రిప్టాన్ ముందే దాటిపోతుంది, జెనాన్ బొగ్గును పట్టుకుని వేలాడుతుంది. ఇంత శుద్ధి చేసి, 280 రోజులు కాపుకాసి, 2024లో ఫలితం చెప్పాం: వెన్న అలాగే ఉంది.

అదే ఏడాది ఇటలీ, చైనాల్లోని ఇలాంటి జెనాన్ కుండల్లో కేంద్రకాలు కదిలిన జాడలు కనబడ్డాయి. చూస్తే సూర్యుడి లోపల బోరాన్-8 విరిగి పంపిన న్యూట్రినోలు, దేన్నీ సరిగా తాకని అతిసూక్ష్మ కణాలు! పొడిచే తీరు అచ్చం తమరి నుంచి మేం ఆశించిందే. ఇక వాళ్ల రద్దీలో తమరిని గుర్తుపట్టడం ఇంకా కష్టం.

పేరున్న ఆ కృష్ణుడు కనీసం కుండ పగలగొట్టి వెళ్లేవాడు. తమరు అంత శ్రమపడనక్కర్లేదు. వచ్చేటప్పుడు మాత్రం గోడల పక్కన కాకుండా నడిమి 5.5 టన్నుల్లోకి రండి. గోడ దగ్గర తగిలితే రేడాన్ పిల్లల పద్దులో రాసేస్తాం.

ఇట్లు,
5 శాతం వాటాదారులు