పాలమూరులో పాట వింటున్నారు, ఎవరైనా అడ్డుకోండి

మహబూబ్‌నగర్ న్యూటౌన్ వైపు ఒక మేడ ఉంది. కింద చెప్పుల షాపు, పక్కన జిరాక్స్ సెంటర్. ఆ మేడ మీది హాల్లో నెలనెలా రెండో శనివారం సాయంత్రం కొంతమంది చేరి పాట వింటున్నారు. ఇంతకాలం ఈ సంగతి ఎవరి దృష్టికీ రాకపోవడం విచారకరం. వాళ్లేమీ దాచి చేయడం లేదు. మెట్ల దగ్గర చిన్న బోర్డు కూడా పెట్టారు. కానీ దాని మీద ఎవరి ఫొటో లేదు. ఫొటో లేని బోర్డు మన ఊళ్లో ఎవరి కంటా పడదు కాబట్టే వ్యవహారం ఇంతదాకా వచ్చింది.

హాల్లో కిక్కిరిసి కూర్చుంటే నలభై మంది పడతారు. కింద జంపఖానా, మోకాళ్ల నొప్పులవాళ్లకు వెనక నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పాడేవాళ్లకు వేదిక లేదు. జానెడు ఎత్తు బల్ల కూడా లేదు. వాళ్లూ అదే జంపఖానా మీద కూర్చుంటారు. ముందు వరుసలో ఉన్నవాడి మోకాలికీ తబలాకీ మధ్య మూరెడు దూరం ఉంటే ఎక్కువ. ఒక నెల గజళ్లు, ఒక నెల వయోలిన్, ఒక నెల వేణువు. టికెట్ 200 రూపాయలు, చాయ్ అందులోనే. ఆరున్నరకు అంటే ఆరున్నరకే మొదలుపెడతారు. అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సాంస్కృతిక కార్యక్రమం అంటే ఏమిటో మన జిల్లాలో తెలియని పిల్లాడు లేడు. కార్డు మీద ఆరు గంటలకు అని వేస్తారు. ఏడుంబావుకు మైకు అబ్బాయి వచ్చి హలో, హలో అంటాడు. ఎనిమిదికి ముఖ్య అతిథి జడ్చర్ల దాటారని ప్రకటన వస్తుంది. ఎనిమిదిన్నరకు ఆయన జడ్చర్లకు ఇంకా చేరలేదని తెలుస్తుంది. ఈలోగా వేదిక మీదికి పిలుపులు మొదలవుతాయి. ఏడు కుర్చీలు, పిలిచింది పద్దెనిమిది మందిని. పిలవనందుకు అలిగి గేటు దాకా వెళ్లినాయన్ను ఇద్దరు భుజాలు పట్టుకుని వెనక్కి తెస్తారు. జ్యోతి వెలిగించబోతే గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుంది. ఎలాగో వెలిగిస్తే ఫొటోగ్రాఫర్ "సార్, ఇంకొక్కసారి" అంటాడు, దాన్ని ఆర్పి మళ్లీ వెలిగిస్తారు. స్వాగతోపన్యాసం, అధ్యక్షోపన్యాసం, ఆ తర్వాత "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తా"నని లేచినాయన ముప్పావుగంట. పిదప శాలువాలు. వేదిక మీద ఉన్నవాళ్లు వేదిక మీద ఉన్నవాళ్లకు కప్పుతారు. అందరికీ అయ్యాక, కప్పినవాళ్లకు ఎవరూ కప్పలేదని గుర్తొస్తుంది.

పది గంటలకు కళాకారుడి వంతు. సమయాభావం వల్ల ఒక్క పాట, అదీ పల్లవి, ఒక చరణం. ఆ చరణం సగంలో ముఖ్య అతిథి లేస్తారు. ఆయన వెంట మూడు వరుసలు లేస్తాయి. మైకు అబ్బాయి వైర్లు చుట్టడం మొదలుపెడతాడు.

ఇదొక వ్యవస్థ. పాట దాని చివర్లో ఉండే చిన్న లాంఛనం. ఫ్లెక్సీ కొట్టేవాళ్లు, షామియానా వేసేవాళ్లు, మెమెంటోలు అమ్మేవాళ్లు, బొకేలు కట్టేవాళ్లు, ఇంత మంది దీని మీద బతుకుతున్నారు. ఈ మేడవాళ్లు చేసిందేమిటంటే, అవన్నీ తీసేసి చివరి లాంఛనాన్ని ఒక్కదాన్నీ ఉంచుకున్నారు. ఇది ఎంతమంది పొట్ట కొడుతుందో తెలుసుకుందామని శాలువాలు అమ్మే ఒక షాపుకు వెళ్లాను.

"వాళ్లు కొనరు సార్. ఒక్కసారి వచ్చిన్రు. జంపఖానాలు ఏడ దొరుకుతయని అడిగి పోయిన్రు."

"మరి కళాకారుడికి ఏమిస్తారట?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పైసలిస్తరట సార్."

విచారిస్తే నిజమేనని తేలింది. టికెట్ల మీద వచ్చినదాంట్లో హాలు అద్దె, చాయ్ ఖర్చు పోను మిగిలిందంతా పాడినవాళ్లకే ఇస్తున్నారట. అదీ ఆ రాత్రే, కవర్లో పెట్టి. మళ్లీ రండి, చూద్దాం, కమిటీలో పెడతాం అనే మర్యాద మాటలు కూడా లేవు. కళను డబ్బుతో కొలవకూడదని మనం తరతరాలుగా చెబుతున్నాం, ముఖ్యంగా డబ్బు ఇవ్వాల్సిన రోజున. మన జిల్లా కళాకారుల ఇళ్లలో బీరువా తెరిస్తే శాలువాలు మీద పడతాయి. ఏప్రిల్ వచ్చిందంటే ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఉన్ని శాలువా కన్నా ఉపయోగపడే వస్తువు ఏముంటుందని ఈ యువకులు కాస్త ఆలోచించాల్సింది.

ఇక వినేవాడి ఆరోగ్యం సంగతి. పెద్ద సభలో సంగీతం వినడానికి ఒక పద్ధతి ఉంది. కచేరీలో తని ఆవర్తనం మొదలవగానే, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం రాగానే, జనం లేచి క్యాంటీన్‌కు వెళతారు. ఇది మృదంగానికీ మనకూ మధ్య ఎప్పటి నుంచో ఉన్న అవగాహన. మేడ మీద మొన్న ఏం జరిగిందంటే, ఉన్న ఒక్క తలుపుకు అడ్డంగా మృదంగం ఆయనే కూర్చున్నారు. నలభై మంది ఎటూ కదల్లేక తని మొత్తం విన్నారు. బయటికొచ్చాక అందులో ఇద్దరు, అది చాలా బాగుందని అన్నారు. కట్టేసి వినిపిస్తే ఎవరైనా అలాగే అంటారు.

పైగా అక్కడ అన్నీ కనిపిస్తాయి. గజళ్లు పాడే ఆవిడ పాట ఎత్తుకునే ముందు ఫ్లాస్కు మూత తిప్పి, రెండు గుక్కల వేడి నీళ్లు తాగి, మూత మళ్లీ బిగించి, కళ్లు మూసుకుంటుంది. తబలా అతను చిన్న సుత్తితో గట్టాలు ఒక్కొక్కటే తట్టుకుంటూ చుట్టూ తిప్పుతాడు, ప్రతి దెబ్బకూ చెవి వంచుతాడు. హార్మోనియం తిత్తి మూసినప్పుడు లోపలి నుంచి ఉసూరుమనే చప్పుడొస్తుంది. అది కూడా వినపడుతుంది. వినపడాలని ఫ్యాన్లు కూడా ఆపేస్తున్నారు. పాలమూరులో, మే నెలలో! ఆలాపన నడుస్తుంటే ముందు వరుసాయన నుదుటి మీది చెమట కనుబొమ దాకా వచ్చి ఆగింది. తుడుచుకుందామని చెయ్యెత్తితే ఆవిడ చూస్తుందేమోనని ఆయన చెయ్యి సగంలోనే దించేశాడు. సెల్‌ఫోన్ పరిస్థితీ అంతే. మూరెడు దూరం నుంచి వీడియో తీయబోతే, తీసేవాడూ పాడేవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వస్తుంది. ఇబ్బందిపడి లోపల పెట్టేస్తున్నారు. రికార్డు చేయకుండా కేవలం విని వెళ్లిపోతే, విన్నట్టు రుజువేమిటి?

కరెంటు పోయినా కార్యక్రమం ఆగదట. గొంతుకు తప్ప దేనికీ మైకు లేదు, ఆ ఒక్కటి పోతే మామూలుగానే పాడేస్తారు. విద్యుత్ శాఖకు ఇంతకన్నా అవమానం ఉండదు. పోలీసు శాఖకు కూడా పని లేకుండా చేశారు. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు వద్దని, నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరంలోనే నియమాలు వచ్చాయి. వాటిని గౌరవిస్తూ మన బరాత్‌లు పదింబావుకు గానీ డీజే ఆన్ చేయవు. వీళ్లేమో తొమ్మిదిన్నరకే చాప చుట్టేస్తున్నారు.

ఇప్పుడు ఆ ఆరున్నర దగ్గరికి వద్దాం. మన పట్టణంలో ఒక పెద్దమనిషి ఉన్నారు. పేరు చెప్పను, ఏ కరెంటు స్తంభాన్ని అడిగినా చెబుతుంది. ఆయన మొన్న ఏడుంబావుకు, అంటే తన లెక్కలో చాలా ముందుగా, మేడ ఎక్కారు. తలుపు దగ్గర ఇంటర్ చదివే పిల్లాడు నిలబడి ఉన్నాడు. "పాట నడుస్తుంది సార్. అయిపోయినంక పంపుత, జర ఆగున్రి" అన్నాడు. ఆగమనే మాట ఆయన ఈ మధ్యకాలంలో విని ఉండరు. వెంట వచ్చిన అనుచరుడు "ఎవరనుకుంటున్నవ్‌ రా" అని మొదలుపెట్టబోతే, పిల్లాడు పెదాల మీద వేలు పెట్టాడు. ఆ పాటంతా ఆయన మెట్ల మీద, చెప్పుల మధ్య నిలబడ్డారు. లోపలికి వెళ్లాక ఎవరూ లేవలేదు. పాడేవాళ్లు ఆపి నమస్కారం పెట్టలేదు. కుర్చీలు మోకాళ్ల నొప్పులవాళ్లతో నిండిపోయాయి. ఆయన పంచె సర్దుకుని జంపఖానా మీద కూర్చున్నారు, ఒక జిరాక్స్ సెంటర్ కుర్రాడికీ ఒక టీచరమ్మకూ మధ్య. చాయ్ విరామంలో ఎవరో ఎలా ఉందని అడిగితే "మంచిగుంది" అన్నారట. ఆయన నోట రెండే రెండు ముక్కలంటే నిజంగానే తక్కువలో ముగిసిన సందర్భం అదొక్కటే.

నిర్వాహకులకు కూడా కొమ్ములు మొలిచాయి. ప్రతి నెలా ఒక కుర్రాడు లేచి, ఇలా దగ్గరగా కూర్చుని వినడం మన ప్రాంతంలో ఇదే మొదటిసారి అని కళ్లు మూసుకుని ప్రకటిస్తాడు. పక్కన నల్లగొండ సీమలో రాచకొండనేలిన సింగభూపాలుడు 14వ శతాబ్దంలోనే సంగీత రత్నాకరం అనే సంగీత శాస్త్ర గ్రంథానికి సంస్కృతంలో వ్యాఖ్యానం రాశాడు. వ్యాఖ్యానం రాశాడంటే ముందు కూర్చుని విన్నాడనే కదా. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులకు వార్షికాలు ఇచ్చి మరీ పిలిపించుకున్నాయి. గద్వాలకైతే విద్వద్గద్వాల అని పేరే పడింది.

అంత దూరం ఎందుకు, దగ్గరగా వినడం మన వాకిళ్లకు తెలియనిదా? కిన్నెర పట్టుకుని వచ్చినాయన ఇంటి ముందు నిలబడి వాయించేవాడు. మూడు సొరకాయ బుర్రలు, పన్నెండు మెట్లు. దొరలను కొల్లగొట్టి పేదలకు పంచిన పండుగ సాయన్న కథ ఎత్తుకునేవాడు. శ్రోతలు ఒక ముసలమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. 200 రూపాయల టికెట్ లేదు, చాటలో జొన్నలు పోసేవాళ్లం. గడప ఇవతలికి రానిచ్చామా అనే ప్రశ్న ఇప్పుడు ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనూ అడగను. 2022లో లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్యకు, 2024లో దామరగిద్ద దాసరి కొండప్పకు పద్మశ్రీలు వచ్చాయి. ఒకటి కిన్నెరకు, ఒకటి బుర్రవీణకు. ఆ వాద్యాల పేర్లు మనలో చాలామందికి అప్పుడే నోరు తిరిగాయి. తిరగగానే మన కిన్నెర, మన బుర్రవీణ అన్నాం. మనకు చేతనైనది చేశాం. వాటిని వాయించేవాళ్లు ఎక్కడ కనపడితే అక్కడ శాలువాలు కప్పాం.

వచ్చే నెల మేడ మీదికి ఒక కిన్నెర కళాకారుణ్ణి పిలుస్తున్నారని తెలిసింది. అసలు ముప్పు ఇక్కడుంది. గ్రూప్ డ్యాన్సుకూ బహుమతి ప్రదానానికీ మధ్య నాలుగు నిమిషాలు ఇచ్చే వాద్యానికి గంటన్నర ఇస్తారట. లోపల, జంపఖానా మీద కూర్చోబెట్టి. రీల్స్‌లో ముప్పై సెకన్ల కిన్నెరతో మనకు ఏ గొడవా రాలేదు. గంటన్నరంటే కథ చివరిదాకా వస్తుంది. సాయన్నను చివరికి ఏం చేశారో, ఎవరు చేశారో నలభై మందికి తెలిసిపోతుంది. తెలిసినవాళ్లు ఊరికే ఉండరు, చాయ్ తాగుతూ ఆ చేసినవాళ్ల మనవలు ఇప్పుడేం చేస్తున్నారని మాట్లాడుకుంటారు. సంగీతాన్ని సంగీతంగా ఉంచాలంటే మధ్యలో ఉపన్యాసాలు ఉండటం ఎంత అవసరమో ఇప్పటికైనా అర్థం కావాలి.

నిషేధించమని నేను అనను, నేను కళాభిమానిని. సంస్కరించాలి. పిల్లలమర్రి కిందికి మార్చి పెద్ద ఎత్తున చేద్దామని ఒక మిత్రుడు సూచించాడు. చెదలు పట్టి 2018లో కొమ్మకొమ్మకూ సెలైన్ పెట్టించుకున్న చెట్టది, మన సౌండ్ బాక్సులకు ఆగదు. స్టేడియం గ్రౌండే నయం. ముందుగా ఒక కమిటీ వేయాలి, దానికొక గౌరవాధ్యక్షుడు కావాలి. పట్టణంలో అర్హులు చాలామంది ఉన్నా అందరూ బిజీగా ఉన్నందున ఆ బాధ్యత నేను తీసుకుంటాను. కిన్నెర ఆయన్ను ఎనిమిదిన్నరకు రమ్మంటే చాలు, నేను తొమ్మిదికల్లా వస్తాను. నిర్వాహకులు కొత్తవాళ్లు, ఖర్చులుంటాయి. శాలువా ఇంటి నుంచి నేనే తెచ్చుకుంటాను.