వందేళ్లకోసారి మహమ్మారి వస్తుందా? రికార్డులు అలా చెప్పడం లేదు

కరోనా రోజుల నుంచి ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్ ఇది: 1720లో ప్లేగు, 1820లో కలరా, 1920లో స్పానిష్ ఫ్లూ, 2020లో కరోనా. వందేళ్లకోసారి మహమ్మారి రావడం ప్రకృతి నియమమట, మనం చేయగలిగిందేమీ లేదట. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని పంపుతుంటే బాధేస్తుంది.

1720 సంగతి. సంవత్సరం నిజమే. కానీ ఆ ప్లేగు ప్రపంచాన్ని చుట్టలేదు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవును, ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని కబళించింది. ఆ మే నెలలో తూర్పు మధ్యధరా తీరం నుంచి వచ్చిన ఓడలో దారిలోనే మనుషులు చనిపోయారు. అయినా సరుకు బోకేర్ సంతకు అందాలన్న తొందరలో క్వారంటైన్ సడలించారు. ఆ సరుకులో నగర పెద్ద ఒకరికి వాటా ఉంది. సుమారు లక్ష మంది పోయారు. ఇందులో ప్రకృతి నియమం ఎక్కడుంది?

1820 అన్నది తప్పు. కలరా 1817 ఆగస్టులో బెంగాల్‌లోని జెస్సోర్‌లో విజృంభించింది. ఆ నవంబరుకే ఈస్టిండియా కంపెనీ సైన్యం గుడారాల్లోకి చేరింది, మరుసటి ఏడాది మద్రాసుకొచ్చింది.

1920 మరీ అన్యాయం. మన దేశంలో ఫ్లూ చావుల్లో ఎక్కువ భాగం 1918 చివరి నాలుగు నెలల్లోనే జరిగాయి. ఇవాళ్టి అంచనాలు చాలావరకు కోటీ ఇరవై లక్షలకు తగ్గవు. ఇది ఎలా తెలిసిందన్నదే అసలు చూడాల్సింది. అప్పట్లో గ్రామోద్యోగులు చావుల రిజిస్టరు రాసేవారు. కారణం దగ్గర కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, ఇలా కొన్ని పద్దులే ఉండేవి. ఫ్లూకి వేరే పద్దు లేదు. అందుకే ఆ చావులు చాలావరకు 'జ్వరాలు' కింద పడ్డాయి. అప్పటి శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) నార్మన్ వైట్ మామూలు ఏళ్ల సంఖ్యలతో పోల్చి, పెరిగిన చావులను ఫ్లూ లెక్కలో చూపారు. దేశ జనాభా అంతకుముందు పదేళ్లకంటే తగ్గినట్టు చూపిన ఒకే ఒక్క జనగణన 1921 నాటిది. బ్రిటిష్ ఇండియా వైద్య నివేదికలు చాలావాటిని స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. ఎవరైనా తెరిచి చూడొచ్చు.

"అటూ ఇటూ రెండు మూడేళ్లు తేడా వస్తే ఏమైంది?" అని అడిగేవాళ్లున్నారు. సరే, ఆ తేడా వదిలేద్దాం. మరి 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగును ఎక్కడ పెడతారు? తర్వాతి మూడు దశాబ్దాల్లో అది మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ మెసేజ్‌లో వాళ్లకు చోటే లేదు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కరోనా నిబంధనలు జారీ చేసింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. ఆ చట్టం తెచ్చింది ఈ ప్లేగును అదుపు చేయడానికే.