పెచ్చులూడిన గోడల భక్త సమాజం

మధ్యధరా తీరానికి వెళ్ళొచ్చిన ప్రతి తెలుగువాడి ఫోనులోనూ ఒక గోడ ఉంటుంది. సున్నం రాలి, ఇటుక పళ్ళికిలించి, పక్కన రంగు వెలిసిన నీలం కిటికీ రెక్క. పైన తాడు మీద ఎవరివో బనియన్లు. కింద ఒకటే మాట: "ఇక్కడ జీవితానికి తొందర లేదు." ఇదే గోడ తమ అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసోసియేషన్ ప్రెసిడెంటు చొక్కా పట్టుకునేవారు.

ఫ్రాన్సు దక్షిణ తీరాన ఉన్న మార్సెయ్‌లో దిగిన మర్నాడే నాకు ఈ భక్త సమాజంలో సభ్యత్వం వచ్చింది. పాత రేవు గట్టున చేపల బల్లలు చూసి మా బావగారు మురిసిపోయారు. "ఎంత తాపీగా కూర్చున్నాడో చూడండి!" అప్పటికి టైము పదకొండు. బావగారు లేచింది పదిన్నరకి. ఆ తాపీ మనిషి తెల్లారకముందే సముద్రం మీదకెళ్ళి, వల లాగి, ఇంకా తోక కొట్టుకుంటున్న చేపల మీద నీళ్ళు చల్లుతున్నాడు. కునికిపాట్లను కూడా ప్రశాంతతగా చూడగలిగినవాడే నిజమైన యాత్రికుడు. గ్రీకులు క్రీ.పూ. 600 ప్రాంతంలో వేసిన రేవిది. అంటే 2,600 ఏళ్ళుగా ఇక్కడ ఏ తొందరా లేకుండానే ఓడలకు సరుకెత్తుతున్నారన్నమాట.

అక్కణ్ణుంచి గుట్టెక్కి ల పానియే అనే పాతబస్తీకి చేరాం. 1943లో నాజీలు దీని కిందివైపు ఇళ్ళను డైనమైట్లు పెట్టి పేల్చేశారనీ, 20,000 మందిని వెళ్ళగొట్టారనీ గైడు చెబుతున్నాడు. "అయ్యో, ఎన్ని పాత గోడలు పోయాయో!" అని ఒకావిడ నిట్టూర్చింది.

మిగిలిన గోడల్లో ఒకదాని ముందు మా వాళ్ళు క్యూ కట్టారు. నిజంగా క్యూ. తిరుపతిలో కూడా ఇంత క్రమశిక్షణ చూపించరు. ముందు విడివిడిగా, తర్వాత జంటగా, ఆపైన గోడకి అరచెయ్యి ఆనించి ఆలోచిస్తున్నట్టు. అరచెయ్యి ఆనించినప్పుడల్లా కాస్త గోడ రాలుతోంది. ఇంతలో పై కిటికీ తెరుచుకుంది. ఒక ముసలావిడ కిందకి చూసింది, ఏమీ అనలేదు. తాడు లాగి ఒక్కో బనియనూ తీసుకోవడం మొదలెట్టింది. క్యూలో హాహాకారాలు. "మామ్మగారూ, ఒక్క నిమిషం! ఆ చారల చొక్కా ఉంచండి!" తెలుగులోనే. ఆవిడ చారల చొక్కా కూడా తీసేసి రెక్క వేసేసుకుంది. "ఇక్కడి జనానికి కొంచెం పొగరు," అన్నారు బావగారు.

అదే పాత రేవు నుంచి రెండోవైపు పది నిమిషాలు నడిస్తే నోయాయ్ బస్తీ. అక్కడ దోబాన్య్ వీధి. 2018 నవంబరు 5న పొద్దున తొమ్మిది దాటగానే 63, 65 నంబరు ఇళ్ళు కుప్పకూలాయి. 8 మంది పోయారు. అదే సున్నం, అవే కిటికీ రెక్కలు. గోడలు నెర్రెలిచ్చాయనీ, తలుపులు చట్రాల్లో పట్టడం లేదనీ 65లో ఉన్నవాళ్ళు ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. ఊళ్ళో 40,000 పైచిలుకు ఇళ్ళు నివాసానికి పనికిరావని 2015లోనే ప్రభుత్వం చేయించిన నివేదిక చెప్పింది. చదివి ఏ అలమరాలో పడేశారో! ఇళ్ళు కూలాక నగరపాలక సంస్థ ముందుగా చూపించింది వానల్ని. వానలట! కూలిన 63 నంబరు సొంతదారు ఆ నగరపాలక సంస్థ చేతికింద ఉన్న గృహసంస్థే. ఖాళీ చేయించి, తలుపులు మూయించి, గాలికొదిలేసిన కొంప. దాని గోడ కూడా ఎవరో ఒక మహానుభావుడి ఫోనులో ఉండే ఉంటుంది, "తొందర లేదు" అన్న రాతతో. బాగుచేయించడానికి తొందర లేదు, నిజమే.

మర్నాడు మా వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళాను. రెండు ఇళ్ళ మధ్య ఖాళీ జాగా. బావగారు ఫోను పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, జేబులో పెట్టేసుకున్నారు. గోడ లేదు కదా, ఏం తీస్తారు?