కాలేయానికి మందులు, జబ్బు కండరాలది

కారణం తెలియని లక్షణాలున్న పిల్లల తల్లిదండ్రులు అనవసరంగా కంగారుపడి ఆస్పత్రులు మారుస్తుంటారని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. మా అబ్బాయి నాలుగో ఏట నుంచి నేల మీద కూర్చుంటే మామూలుగా లేవలేకపోయేవాడు. ముందు మోకాళ్ళ మీద, ఆ తర్వాత తొడల మీద చేతులు ఆనించి, తన ఒంటి మీదే తాను పాకుతున్నట్టుగా లేచేవాడు (మొదట గమనించింది మా అత్తగారు). డాక్టర్లు వాడికి బద్ధకమన్నారు, టానిక్కులు రాశారు. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైములు) ఎక్కువగా ఉన్నాయని దాదాపు ఏడాది కాలేయానికి మందులు వాడించారు. కండరాలు దెబ్బతిన్నా ఆ ఎంజైములు పెరుగుతాయని, క్రియాటిన్ కైనేజ్ అనే మామూలు రక్తపరీక్షతో ఆ అనుమానం తీర్చుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు. చివరికి పిల్లల నరాల వైద్యురాలు ఒకరు వాడిని నేల మీద కూర్చోబెట్టి, లేవమని చెప్పి, వాడు లేచే తీరు ఒక్కటీ చూసి ఆ క్రియాటిన్ కైనేజ్ పరీక్ష రాశారు. జన్యుపరీక్షలో డుషేన్ కండర క్షీణత, అంటే కండరాలు క్రమంగా బలహీనపడే జన్యువ్యాధి అని తేలింది. పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ, క్రమం తప్పని గుండె పరీక్షలు అప్పుడే మొదలయ్యాయి. ఈ జన్యులోపం తల్లి వైపు నుంచి రావచ్చు కనుక మా చెల్లెలు కూడా కాన్పుకు ముందే పరీక్ష చేయించుకుంది. మీ పిల్లవాడు లేచే తీరులో తేడా కనిపిస్తే దయచేసి ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి.